ఈరోజు ఏటి నేర్పేరు టీచరమ్మా?

సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చే అమ్మలు, నాయనమ్మలు గేటు దగ్గర నన్ను అడిగే మొదటి మాట ఇది. కొందరు మామూలుగా అడుగుతారు. కొందరి గొంతులో అనుమానం ఉంటుంది. పక్క వీధి పిల్లాడు కాన్వెంటుకి వెళ్ళి మూడేళ్ళకే పుస్తకం నిండా ఏబీసీడీలు రాసుకొస్తున్నాడు, మా పిల్లేమో మోకాళ్ళ నిండా మట్టితో వస్తోంది, ఇక్కడ అసలు చదువు చెప్తున్నారా లేదా అని.

నేను అనకాపల్లి జిల్లాలో ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్‌ని. మా సెంటర్ పిల్లల తల్లుల్లో చాలామంది పొలం పనికో, ఉపాధి పనికో పోతారు. కొందరు తెల్లారకుండానే బస్సెక్కి అచ్యుతాపురం వైపు బట్టల కంపెనీలకి వెళ్తారు. చదువు లేక తాము పడ్డ ఇబ్బంది పిల్లలు పడకూడదన్నది వాళ్ళ ఆరాటం. అందుకే ఆ ప్రశ్న వింటే నాకు కోపం రాదు. దానికి సరైన జవాబు చెప్పాలన్నదే నా పట్టుదల. ‘ఆటలాడించాం’ అంటే జవాబు కాదు. ‘ఆటపాటల ద్వారా విద్య’ అని ట్రైనింగ్ భాషలో చెప్పినా వాళ్ళకి అందదు. ఆ రోజు వాళ్ళ పిల్ల ఏ ఆట ఆడింది, అందులో ఏం చేసింది, నిన్న రానిది ఈరోజు ఏం వచ్చింది అన్నది చూసింది చూసినట్టు చెప్పాలి. అలా చెప్పాలంటే ముందు నేను చూడాలి. ఈ ఉద్యోగంలో రిజిస్టర్లు, ఫోన్‌లో యాప్, బరువులు, సరుకులు అన్నీ ఉన్నా, పిల్లల ఆటని చూడటమే అసలు పని అని నేను గట్టిగా నమ్ముతాను.

మధ్యాహ్నం భోజనానికి ప్లేట్లు వేసే పని పిల్లలకే ఇస్తాం. నాలుగేళ్ళ పాప ఒకతి ప్లేట్లు పట్టుకుని వరుసలో ఒక్కొక్కరి ముందు ఒక్కొక్కటి పెడుతూ వెళ్తుంది. చివర్లో ఇద్దరికి తక్కువవుతాయి. వెనక్కి చూస్తుంది, ఆ ఇద్దరి వైపు వేలు పెట్టి చూపిస్తుంది, ఆయమ్మ దగ్గరకి వెళ్ళి “ఇంకో రెండు” అంటుంది. లెక్కలంటే ఇదే కదా. ఒక మనిషికి ఒక ప్లేటు, మిగిలింది ఎంత, తక్కువైంది ఎంత. అదే వయసు పిల్లాడు ఇంకొకడు ఒకటి నుంచి యాభై దాకా గుక్కతిప్పుకోకుండా చెప్తాడు. వాళ్ళ నాయనమ్మ చుట్టాలొచ్చినప్పుడల్లా చెప్పిస్తుంది. వాడినే “నాకు నాలుగు మూతలు ఇవ్వు నాన్నా” అని అడిగితే గుప్పెడు తీసి నా చేతిలో పోస్తాడు. ఇందులో పిల్లాడి తప్పేమీ లేదు. అంకెల పాఠం నోటికి రావడం ఒకటి, నాలుగు అంటే ఎంతో తెలియడం ఇంకొకటి. రెండోది నోటితో వల్లె వేస్తే రాదు. మూతలు, గవ్వలు, ప్లేట్లు, అరటిపళ్ళు చేత్తో పట్టుకుని, పంచి, తక్కువై, మళ్ళీ తెచ్చుకుంటే వస్తుంది. ఆ నాయనమ్మతో నేను వాడి యాభై అంకెల్ని తక్కువ చేసి మాట్లాడలేదు. “మామ్మగారూ, రేపటి నుంచి ఇంట్లో అందరికీ మంచినీళ్ళ గ్లాసులు వాడి చేతే పెట్టించండి” అని మాత్రం చెప్పాను.

రాత సంగతి కూడా ఇంతే. మూడేళ్ళ పిల్లల చేతిలో పెన్సిల్ పెట్టి, మన చెయ్యి పైన వేసి ‘అ’ దిద్దించడం చాలా ఇళ్ళలో చూస్తాను. ఆ వయసులో మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా ఏర్పడవు. పెన్సిల్‌ని గుప్పిటతో పట్టుకుంటారు. మూడు వేళ్ళ కొనలతో పట్టుకోవడం మెల్లగా, నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య కుదురుతుంది. ఈలోగా వేళ్ళకి కావాల్సింది బలం, అదుపు. అవి వచ్చేది బంకమట్టి పిసకడంలో, పూరీ పిండి ముద్ద ఇస్తే చిన్న చిన్న ఉండలు చేయడంలో, పాత పేపర్ సన్నగా చింపడంలో, సీసా మూత తిప్పి తీయడంలో, తడిగుడ్డ పిండటంలో. గోరుచిక్కుడుకాయలు తుంచడం అన్నిటికంటే మంచిది. కొన, తొడిమ గిల్లి, పీచు లాగి, మధ్యలోకి తుంచాలి. రెండు చేతులూ చెరో పని చేయాలి. వంట పని ఆలస్యమవుతుందని పిల్లల్ని లేపేస్తాం గానీ, పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు కాయలు ఇస్తే ఆ పదిహేను నిమిషాలు కాపీ పుస్తకంలో నాలుగు పేజీలకంటే ఎక్కువ మేలు చేస్తాయి.

మాది ఏటికొప్పాక బొమ్మల జిల్లా. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ, చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కని ఆ రాపిడి వేడికే పట్టించి బొమ్మలు చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. మా సెంటర్‌లో అక్కడి బొంగరం ఒకటి, ఒకదాని మీద ఒకటి పేర్చే రింగుల బొమ్మ ఒకటి ఉన్నాయి. పిల్లలు వాటిని ఎలా తడుముతారో చూడాలి. నున్నగా, బరువుగా, చేతికి నిండుగా ఉంటాయి. స్విచ్ నొక్కితే పాడే బొమ్మ ముందు పిల్లాడు కూర్చుని చూస్తాడు. బొంగరం ముందు మాత్రం వాడే ఏదో ఒకటి చేయాలి, లేకపోతే అది తిరగదు. బొమ్మ ఎంత తక్కువ చేస్తే పిల్లాడు అంత ఎక్కువ చేస్తాడు. కొనే స్తోమత లేకపోతే ఏ బాధా అక్కర్లేదు. కొబ్బరి చిప్పలు, తాటి టెంకలు, జొన్న బెండ్లు, ఖాళీ డబ్బాలు, పాత చీర ముక్కలు, ఒక బకెట్ ఇసుక చాలు. బీరువాలో తాళం వేసి దాచిన కిట్టు కంటే వాకిట్లో పడేసిన కొబ్బరి చిప్పలతోనే పిల్లలు ఎక్కువ ఎదుగుతారు.

ఇక నాకు బాగా ఇష్టమైన విషయం, ఉత్తుత్తి ఆట.

ఏఎన్‌ఎం గారు మా సెంటర్‌కి వచ్చి టీకాలు వేసిన మర్నాడు మా పిల్లలందరూ డాక్టర్లే. చీపురు పుల్ల సూది అవుతుంది. ఎవరూ చెప్పరు, ఎవరూ పిలవరు, ఆట అదే మొదలవుతుంది. ఒకసారి ఐదేళ్ళ పిల్లాడు, టీకా వేయించుకునేటప్పుడు ఊరంతా వినపడేలా ఏడ్చినవాడు, మర్నాడు గుడ్డ బొమ్మని ఒళ్ళో పెట్టుకుని సూది గుచ్చాడు. గట్టిగానే గుచ్చాడు. తర్వాత బొమ్మ చెయ్యి రుద్దుతూ “అయిపోయింది, అయిపోయింది, ఏడవకు, చాక్లెట్ కొంటాను” అన్నాడు. మళ్ళీ గుచ్చాడు, మళ్ళీ రుద్దాడు. ఆ పొద్దంతా అదే ఆట. మేము మధ్యలోకి వెళ్ళలేదు. నిన్న వాడి చేతిలో ఏమీ లేదు, పెద్దవాళ్ళు పట్టుకున్నారు, గుచ్చారు. ఈరోజు సూది వాడి చేతిలో ఉంది, ఓదార్చేదీ వాడే. భయాన్ని అంత చక్కగా సర్దుకోవడం పెద్దవాళ్ళకి కూడా రాదు. “అలా సూదులు పొడిచే ఆట ఏంట్రా, మానేయ్” అని ఎవరైనా కసిరి ఉంటే ఆ భయం లోపలే ఉండిపోయేది.

ఇంకో పాప చేరిన కొత్తలో నెలల తరబడి నోరు విప్పలేదు. పేరు అడిగితే తల దించుకునేది. వాళ్ళమ్మకి టెన్షన్, మాటలు రావేమో, హాస్పిటల్‌కి చూపించాలా అని. వినికిడి బాగానే ఉంది, ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, కాబట్టి కొంత ఆగి చూద్దామన్నాను. ఒకరోజు గోడ పక్కన ఇద్దరు పిల్లలు కొట్టు ఆట ఆడుతున్నారు. ఆకులు డబ్బులు, రాళ్ళు బంగాళాదుంపలు. ఈ పాప వెళ్ళి కొట్టు వెనక కూర్చుంది. ఎవరో “ఉల్లిపాయలు ఎంత?” అన్నారు. “కిలో నలబై. బేరం లేదు” అంది. అచ్చం వాళ్ళ నాన్న గొంతు, ఆయన తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముతాడు. టీచర్‌కి జవాబు చెప్పాల్సిన పిల్లగా ఉన్నప్పుడు రాని మాట, కొట్టువాడిగా మారగానే వచ్చింది. నేను వెళ్ళి “అరే, మాట్లాడావే!” అని చప్పట్లు కొట్టలేదు. రెండు ఆకులు పట్టుకెళ్ళి అర కిలో ఉల్లిపాయలు అడిగాను. చిల్లర లేదంది.

ఈ ఆటల్లో మాటలు ఎంత పెరుగుతాయో చెప్పలేను. “నువ్వు అమ్మ, నేను అత్త, ఇది బస్సు అనుకుందాం” అని మొదలుపెట్టాలంటే ముందు ఒప్పందం కుదరాలి. లేనిదాన్ని ఉన్నట్టు మనసులో పెట్టుకోవాలి. పక్కవాడి మనసులోనూ అదే ఉందని తెలియాలి. అలిగితే ఆట ఆగిపోతుంది కాబట్టి అలక మానాలి.

మన పాత ఆటల్లో ఇలాంటివి బోలెడు ఉన్నాయి. వీరీ వీరీ గుమ్మడిపండు చూడండి. కళ్ళు మూసిన పిల్ల, ఎదురుగా వచ్చి నిలబడింది ఎవరో చెప్పాలి. అడుగుల చప్పుడు, గాజుల చప్పుడు, చిన్న దగ్గు, వీటన్నిటినీ పట్టుకుని పేరు చెప్పాలి. నిలబడ్డ పిల్లకి ఇంకా కష్టం, నవ్వు ఆపుకోవాలి. మూడేళ్ళ వాళ్ళకి అది సాధ్యం కాదు, “నేనే!” అని అరిచేస్తారు. ఐదేళ్ళకి పెదవులు బిగబట్టి నిలబడతారు. నోటిదాకా వచ్చినదాన్ని ఆపుకోగలగడం రేపు బడిలో తన వంతు వచ్చేదాకా ఆగడానికీ, కోపమొచ్చినా చెయ్యి ఎత్తకుండా ఉండటానికీ పనికొచ్చే శక్తి. తిట్టి, బెత్తం చూపించి కూర్చోబెడితే పిల్లలు కదలకుండా కూర్చుంటారు గానీ, తమను తాము ఆపుకోవడం నేర్చుకోరు. దాగుడుమూతల్లో రెండున్నరేళ్ళ పిల్ల తలుపు వెనక మొహం ఒక్కటే దాచుకుని, ఒళ్ళంతా బయట పెట్టి, తనకి మనం కనపడటం లేదు కాబట్టి మనకీ తాను కనపడటం లేదనుకుంటుంది. ఇంకొన్నాళ్ళకి కాళ్ళు కూడా లోపలికి లాక్కుంటుంది. అవతలి మనిషి కళ్ళతో చూడటం ఆ కాళ్ళు లాక్కోవడంలోనే మొదలైంది.

మూడేళ్ళలోపు పిల్లల గురించి కూడా చెప్పాలి. వాళ్ళు సెంటర్‌లో కూర్చోరు, మేమే ఇళ్ళకి వెళ్తాం. బరువు చూస్తాం, బాలామృతం ఇస్తాం. చాలా ఇళ్ళలో మా పని అంతవరకే అనుకుంటారు. కానీ కేంద్రం 2023 మేలో మొదలుపెట్టిన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం తర్వాత, 2024లో ఈ చిన్నపిల్లల కోసమే ‘నవచేతన’ అని ఒకటి వచ్చింది. 36 నెలలకి నెల నెలకీ ఏ ఆట ఆడించాలో, ఎలా మాట్లాడాలో అందులో ఉంది. మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళ కోసం వచ్చిన దాని పేరు ‘ఆధార్‌శిల’. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు. ఆ ఆరేళ్ళలో మొదటి మూడేళ్ళూ పిల్లలు మా దగ్గర కాదు, ఇంట్లోనే ఉంటారు.

తిండి ఒక్కటే చాలదని నాకు గట్టిగా అనిపించేలా చేసింది జమైకాలో జరిగిన ఒక పరిశోధన. 1986-87 ప్రాంతంలో కింగ్‌స్టన్ పేటల్లో, వయసుకి తగ్గ ఎత్తు లేని 129 మంది పసిపిల్లల్ని తీసుకున్నారు. 9 నుంచి 24 నెలల వయసు వాళ్ళు. కొందరికి పాలపొడి ఇచ్చారు. కొందరి ఇళ్ళకి మాలాంటి ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి, గంట సేపు, రెండేళ్ళ పాటు వెళ్ళారు. ఖాళీ డబ్బాలతో, అట్టముక్కలతో చేసిన బొమ్మలు తీసుకెళ్ళి, తల్లి చేత పిల్లతో ఆడించారు. అంతే. కొందరికి రెండూ అందాయి, కొందరికి ఏదీ లేదు. 20 ఏళ్ళ తర్వాత చూస్తే ఆట అందిన పిల్లల సంపాదన అందని వాళ్ళకంటే 25 శాతం ఎక్కువగా ఉంది. పాలపొడి మాత్రమే అందిన వాళ్ళలో ఆ తేడా కనపడలేదు. ఇది 2014లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. బాలామృతం ప్యాకెట్టు చేతిలో పెట్టి వచ్చేయకుండా పది నిమిషాలు చాప మీద కూర్చోవాలనిపించేది ఇందుకే.

ఆ పది నిమిషాల్లో కొత్తగా నేర్పేది ఏమీ ఉండదు. చీర కొంగు అడ్డం పెట్టుకుని దోబూచి ఆడితే, ఎనిమిది తొమ్మిది నెలల పిల్ల కొంగు లాగి చూస్తుంది. కనపడకపోయినా అమ్మ అక్కడే ఉందని తెలిసొచ్చే వయసు అది. చెంచా కింద పడేస్తుంది, మనం తీసి ఇస్తాం, మళ్ళీ పడేస్తుంది. మన ఓపిక చూడటానికి కాదు, పడితే ఏమవుతుందో చూడటానికి. “ఊఁ” అంటే మనమూ “ఊఁ” అని, ఆగి, దాని వంతు ఇవ్వాలి. ఈ ఆగడం చాలామందికి చేతకాదు. పిల్ల మాట కూడా మనమే అనేస్తాం. ఒక ఇంట్లో ఆటో నడిపే తండ్రి సాయంత్రం పిల్లాడికి నీళ్ళు పోసేటప్పుడు చెంబు, ప్లాస్టిక్ మూత, చింతకాయ, రాయి టబ్‌లో వేసి ఏది మునుగుతుందో, ఏది తేలుతుందో ఆడిస్తాడు. ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను మిగతా ఇళ్ళలో ఆయన సంగతి చెప్తుంటాను.

ఫోన్ మాట ఎత్తితే తల్లులు నా వైపు చూడరు. నేను తిట్టను. ఇంటి చాకిరీ అంతా ఒక్కతే చేసుకునేటప్పుడు అన్నం తినిపించే దారి అదొక్కటే అనిపిస్తుంది. కానీ రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటొద్దని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోన్ చూస్తున్న పిల్ల నోట్లో ఏం పెట్టామో చూసుకోదు. ఎదురుగా కాకి, పిల్లి, గిన్నె ఉంటే చాలు, నాలుగు ముద్దలు కబుర్లతో దిగుతాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం ప్రతి ఇంట్లో గట్టిగా చెప్తాను. మూడేళ్ళలోపు వాళ్ళకి చింతపిక్కలు, గచ్చకాయలు, పూసలు, వేరుశనగ గింజలు ఆడుకోవడానికి ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే తీసి పారేయండి. రిమోట్లలో, పాడే బొమ్మల్లో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ మింగితే లోపల కాలుస్తుంది, క్షణం ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. నీళ్ళాట ఎంత మంచిదైనా మనం పక్కనే ఉన్నంతసేపే, మనం లేచిన వెంటనే బకెట్ ఖాళీ చేయాలి.

అక్షరాలు వద్దని నేను అనడం లేదు. అవి అవసరమైన చోటికి పిల్లలే వస్తారు. మా సెంటర్‌లో ఐదేళ్ళ పిల్లాడు ఒకడు ఈ ఏడాది కండక్టర్. చిన్న కుర్చీలన్నీ వరుసగా వేసి, బాదం ఆకులు చింపి టికెట్లు ఇచ్చేవాడు. ఒక పాప ఎదురు తిరిగింది, దీని మీద ఊరి పేరు లేదు, ఇది టికెట్ కాదు అని. వాడు నా దగ్గరకి వచ్చి, అనకాపల్లి ఎలా రాయాలి టీచర్ అన్నాడు. నేలమీద సుద్దతో ‘అ’ రాసి చూపించాను. ఆ సాయంత్రం వాళ్ళమ్మకి ఇదంతా చెప్తే, ఇంట్లో పాత క్యాలెండర్ కాగితాలు టికెట్ల సైజులో కత్తిరించి ఇచ్చింది. ఇప్పుడు బస్సు అనకాపల్లి, యలమంచిలి, తుని వెళ్తోంది. టికెట్ మీద ఊరికి ఒక్క అక్షరమే ఉంటుంది. ‘య’ తిరగబడుతోంది, దాన్ని నేను దిద్దలేదు. ప్రయాణికులు గుర్తుపడుతున్నారు.